నాలుగు భాషల పిల్లలు, ఒకే గది: ఆటతో పని నడిపించడం ఎలా

ఫిబ్రవరి వచ్చేసరికి ఆర్మూర్ చుట్టుపక్కల ఊళ్లలో పసుపు తవ్వకం, ఉడకబెట్టడం, కల్లాల్లో ఆరబెట్టడం ఊపందుకుంటాయి. ఆ పనులకు మహారాష్ట్ర వైపు నుంచి కూలీ కుటుంబాలు వస్తాయి, వాళ్ల వెంట చిన్నపిల్లలూ వస్తారు. అప్పటికే మీ అంగన్‌వాడీలోనో ప్లేస్కూల్లోనో ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలున్నారు, ఉర్దూ మాట్లాడే పిల్లలున్నారు, తండా నుంచి వచ్చే లంబాడి పిల్లలున్నారు. ఇప్పుడు మరాఠీ పిల్లలు ఇద్దరు ముగ్గురు తోడవుతారు. తల్లిదండ్రులు మాత్రం ఏ భాష వాళ్లయినా మిమ్మల్ని అడిగేది ఒకటే: ఇంగ్లిష్ ఎప్పుడు మొదలుపెడతారు?

ఆ గదిలో రోజూ నిలబడే టీచర్ల కోసం రాస్తున్నాను. ఆటతో చదువు అనే మాట ట్రైనింగుల్లో అందరం విన్నదే. 2022లో వచ్చిన పునాది దశ జాతీయ కరికులమ్ ఫ్రేమ్‌వర్క్ అదే చెప్పింది. 2023లో మొదలైన జాదూయీ పిటారా కిట్, పోషణ్ భీ పఢాయీ భీ శిక్షణ కూడా అదే చెప్పాయి. మాట సరైనదే. అయితే భాషలు కలిసిన గదిలో ఆట తనంతట తాను భాష నేర్పదు. పిల్లలను వాళ్ల ఇష్టానికి వదిలేసి చూడండి. ఉర్దూ పిల్లలు ఒక మూల చేరతారు, తెలుగు పిల్లలు బొమ్మల దగ్గర చేరతారు, కొత్తగా వచ్చిన మరాఠీ పిల్ల గుమ్మం దగ్గరే కూర్చుంటుంది. గంట తర్వాత ఎవరి భాషలో వాళ్లు బాగానే ఆడుకుని ఉంటారు, ఒకరి మాట మరొకరికి అంటదు.

కాబట్టి ఆట ఎంచుకునేటప్పుడు మీరు వేసుకోవాల్సిన ప్రశ్న ఇది: ఈ ఆట ముందుకు సాగాలంటే పిల్లకు మాట ఎక్కడ అవసరం పడుతుంది? అది ఎవరి భాషలో మాట? పరుగుపందెంలో మాట అవసరం లేదు. ఒంటికి మంచిది, రోజూ ఆడించండి, కానీ దాన్ని భాష ఖాతాలో రాయకండి. అదే ఒక వస్తువు దాచి, వెతికే పిల్లకు మిగతా వాళ్లు పైన, కింద, లోపల, వెనక అని దారి చెప్పే ఆటలో మాట లేకపోతే అడుగు కదలదు. ఆ నాలుగు మాటలూ పిల్లలు ఎవరి భాషలో వాళ్లు చెప్పొచ్చని మీరు అనుమతిస్తే, వెతికే పిల్ల వారం తిరక్కుండా రెండు భాషల్లో దిక్కులు పట్టేస్తుంది.

మార్కెట్ ఆట

మన ప్రాంతంలో ఇలాంటి గదికి అన్నిటికన్నా బాగా పనికొచ్చేది మార్కెట్ ఆట. కారణం సులువు. ఇక్కడి పిల్లలకు పసుపు అమ్మకం కళ్లెదుట జరిగే పని. నిజామాబాద్ యార్డుకు బస్తాలు పోవడం, కొందరు రైతులు మంచి ధర కోసం సాంగ్లి దాకా తీసుకెళ్లడం, ధర పడిపోతే ఇంట్లో మాటలు తగ్గిపోవడం, ఇవన్నీ పిల్లలు చూస్తూనే ఉంటారు. 2025లో పసుపు బోర్డు నిజామాబాద్‌లో మొదలైనప్పుడు ఇళ్లలో ఎంత మాట్లాడుకున్నారో వాళ్లకూ తెలుసు. పైగా యార్డులో ఒకే భాష నడవదు. రైతు తెలుగులో అడుగుతాడు, సేటు హిందీలో లెక్క చెబుతాడు, హమాలీల మధ్య ఉర్దూ, మరాఠీ వినిపిస్తాయి. అంటే ఈ ఆటలో భాషలు కలవడం అక్కడి పనిలోనే ఉంది. మీరు కొత్తగా ఏర్పాటు చేయాల్సిన పని లేదు.

సామాను ఖర్చు లేనిదే. చిన్న గుడ్డ సంచులు, తూకానికి రెండు పళ్లేలు కట్టిన కర్ర, పాత నోటుబుక్కు కాగితాలతో తక్‌పట్టీలు (అమ్మకం చీటీలు) చాలు. రైతు, కొనే సేటు, అడ్తిదారు, కాంటా వేసే దడ్వాయి, బస్తా మోసే హమాలీ, టీ అమ్మే మనిషి అని పాత్రలు పంచండి. నలభై నిమిషాలు పెట్టుకోండి. మొదటి పది నిమిషాలు గొడవే ఉంటుంది, కంగారు పడకండి. తర్వాత బేరం మొదలవుతుంది. ఎంత, ఎక్కువ, తక్కువ, ఇంకొంచెం, వద్దు, ఇవ్వు అనే మాటలు పిల్లలు మాటిమాటికీ వాడతారు. మూడేళ్ల నుంచి ఐదేళ్ల పిల్లలకు లెక్కలకు పునాది ఈ మాటలే. ఇంకో లాభం ఉంది. ఉర్దూ, మరాఠీ, లంబాడి అంకెలు చాలావరకు దగ్గరగా వినిపిస్తాయి. మరాఠీ పిల్ల బస్తాలు లెక్కపెడుతుంటే ఉర్దూ పిల్లవాడు అడ్డుపడి సరిచేస్తాడు. ఆ క్షణంలో వాళ్లిద్దరి మధ్య మాట మొదలవుతుంది. తెలుగు అంకెలు వేరుగా ఉంటాయి కాబట్టి వాటిని మీరు, తెలుగు పిల్లలు పక్కనుంచి చెబుతూ ఉండాలి.

ఎక్కడ చెడుతుందో ఇప్పుడు చెబుతాను. గట్టిగా మాట్లాడే పిల్లవాడు రోజూ సేటు అవుతాడు. హమాలీ కొడుకు రోజూ హమాలీయే అవుతాడు, అమ్మాయిలు రోజూ టీ కాస్తారు. ఎవరూ చెప్పకుండానే ఊళ్లోని అంతస్తులు మీ గదిలోకి వచ్చి కూర్చుంటాయి. చీటీలు తీయించి పాత్రలు మార్చండి. ఈ వారం సేటుకు తెలుగు రాకూడదు, మరాఠీ మాత్రమే రావాలి అని నియమం పెట్టండి. అప్పుడు గుమ్మం దగ్గర కూర్చున్న మరాఠీ పిల్ల అవసరం అందరికీ పడుతుంది. ఆమె నోరు తెరవకపోతే అమ్మకమే జరగదు. ఇలా నియమం మార్చడం మీ చేతిలో ఉన్న పెద్ద పనిముట్టు. పిల్లను ముందుకు తోసి మాట్లాడు, మాట్లాడు అంటే బిగుసుకుపోతుంది. ఆమె మాట లేకుండా ఆట ఆగిపోయే చోట ఉంచితే తానే మాట్లాడుతుంది. మీరు మాత్రం ఎప్పుడూ సేటు పాత్ర తీసుకోకండి. టీచర్ సేటు అయితే ఆట పరీక్షగా మారిపోతుంది. హమాలీ పాత్ర తీసుకుని ఎవరు పిలిస్తే వాళ్ల దగ్గరికి వెళ్లండి.

సామాను విషయంలో గట్టిగా చెప్పాల్సినవి ఉన్నాయి. పసుపు పొడి వద్దు. బట్టలకు మరక అంటితే తల్లులు మీ మీదికి వస్తారు, కళ్లలో పడితే పిల్లలు ఏడుస్తారు. ఎండిన కొమ్ములు వాడండి, అవి కూడా తెలిసిన ఇంటి పంటవే తెప్పించండి. రంగు కోసం పసుపుకు సీసం కలిసిన క్రోమేట్ పట్టించే మోసం దక్షిణాసియాలో బయటపడింది, బంగ్లాదేశ్ 2019లో దాని మీద గట్టి చర్యలు తీసుకుంది. సీసం పిల్లల మెదడు ఎదుగుదలకు హాని చేస్తుంది. చేతికి దొరికింది నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకు ఎక్కడిదో తెలియని సరుకు ఇవ్వకూడదు. చింతగింజలు, గోలీలు, చిన్న కొమ్ము ముక్కలు మూడేళ్ల లోపు పిల్లలున్న గదిలో కింద పెట్టకండి. ముక్కులో, గొంతులో ఇరుక్కుంటాయి. ఆట అయిపోగానే ఆయమ్మతో కలిసి లెక్కపెట్టి తీసేయండి. పిల్లలతోనే లెక్కపెట్టిస్తే అదీ ఒక ఆటే.

మూడేళ్ల పిల్లల నుంచి ఈ బృందం ఆట ఆశించకండి. మిల్డ్రెడ్ పార్టెన్ అనే పరిశోధకురాలు 1932లోనే రాసింది: చిన్నపిల్లలు మొదట ఒంటరిగా ఆడతారు, తర్వాత ఒకరి పక్కన ఒకరు ఎవరి ఆట వాళ్లు ఆడతారు, కలిసి పాత్రలు పంచుకుని ఆడటం ఆ తర్వాతే వస్తుంది. మూడేళ్ల పిల్ల పక్కన కూర్చుని సంచిలో కొమ్ములు వేసి తీస్తుంటే ఆ రోజుకు ఆమె పని ఆమె చేస్తున్నట్టే.

మాట్లాడని పిల్ల

టీచర్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. నాలుగేళ్ల లంబాడి పిల్ల చేరి నెల దాటింది అనుకుందాం. నోరు విప్పదు. పేరు పిలిస్తే చూస్తుంది, అంతే. రిజిస్టర్‌లో మాటలు రావు అని రాసేస్తాం, ఆయమ్మ మొద్దు అనేస్తుంది, మిగతా పిల్లలు ఆ మాట ఎత్తుకుంటారు. తర్వాత ఆ ముద్ర ఒకటో తరగతి దాకా వెంట వస్తుంది.

కొత్త భాష గదిలోకి వచ్చిన పిల్లలు చాలామంది కొన్ని వారాలు, కొందరు కొన్ని నెలలు మాట్లాడకుండా వింటూ ఉంటారు. అది మామూలే. ఆ రోజుల్లో పిల్ల ఏం చేస్తోందో చూడండి. మీరు చెప్పిన పనిని పక్కపిల్లను చూసి చేస్తోందా? పాటకు చేతులు కదుపుతోందా? తన చెల్లెలితో తన భాషలో గుసగుసలాడుతోందా? ఇవి ఉంటే ఆగండి, తొందరపెట్టకండి. మాట అక్కర్లేని చిన్న పాత్రలు ఇవ్వండి: గంట కొట్టడం, చాపలు పంచడం, చప్పట్ల ఆటలో జతగా నిలబడటం.

తేడా తేల్చుకోవడానికి తల్లిని ఒక్క ప్రశ్న అడగండి: ఇంట్లో మీ భాషలో మాట్లాడుతుందా? కథలు చెబుతుందా, దెబ్బలాడుతుందా? అవునంటే భయం లేదు. ఇంట్లో కూడా మాట తక్కువే అంటే, వెనక నుంచి పిలిస్తే తిరగదు అంటే, ఎదురుచూడకండి. 2013 నుంచి నడుస్తున్న ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) బృందం అంగన్‌వాడీలకు, బడులకు పిల్లలను పరీక్షించడానికి వస్తుంది. ఆ పిల్ల పేరు వాళ్లకు రాసివ్వండి, వినికిడి పరీక్ష చేయించమని అడగండి. భాష కొత్త కాబట్టి మాట్లాడటం లేదులే అని చెవి సమస్యను వదిలేయడం ఎంత తప్పో, కొత్త భాష వల్ల మౌనంగా ఉన్న పిల్లకు రోగం అంటగట్టడం అంతే తప్పు.

ఇంకో సంగతి. ఒకే వాక్యంలో తెలుగు, ఉర్దూ, ఇంగ్లిష్ కలిపి మాట్లాడితే పిల్లలు గందరగోళంలో ఉన్నారని అనుకోకండి. రెండు భాషల మధ్య పెరిగే పిల్లలు అలాగే మాట్లాడతారు. మధ్యలో ఆపి సరిచేస్తే ఆట ఆగుతుంది, పిల్ల నోరు మూసుకుంటుంది. పిల్ల అన్నదాన్నే మీరు పూర్తి తెలుగు వాక్యంగా తిరిగి అనండి, ఆట కొనసాగించండి. అంతకుమించి సరిదిద్దాల్సిన పని లేదు.

మీకు రాని భాష

మీకు లంబాడి రాదు, మరాఠీ రాదు. వస్తుందని నటించకండి, నేర్చుకోవాలని ఒత్తిడీ పడకండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతంలో గోండి, కోయ, కొలామి, సవర, బంజారా వంటి ఎనిమిది భాషల్లో పుస్తకాలు తయారుచేసి 240 బడుల్లో మాతృభాషా బోధన మొదలుపెట్టారు. మన పక్కనే ఉన్న ఆదిలాబాద్ పిల్లల భాషలూ అందులో ఉన్నాయి. అందులోంచి నాకు పనికొచ్చినట్టు అనిపించే పాఠం ఒకటే. పుస్తకం ఎంత మంచిదైనా ఆ భాష మాట్లాడే మనిషి గదిలో ఉండాలి. న్యూజిలాండ్‌లో మావోరీలు 1982లో తమ భాష పోతోందని గుర్తించి కొహంగా రేయో అనే పసిపిల్లల కేంద్రాలు పెట్టినప్పుడు అవ్వలను, తాతలను తెచ్చి గదిలో కూర్చోబెట్టారు. పిల్లలు వాళ్ల మధ్యే ఆడుకుంటూ భాష ఎత్తుకున్నారు.

మీకు అంత ఏర్పాటు అక్కర్లేదు. తండాలో ఒక అవ్వ, మీ వీధిలో ఉర్దూ తెలిసిన ఒక పెద్దమ్మ వారానికి ఒకసారి వచ్చి పిల్లలతో అచ్చనగిల్లలో, ఓనగుంటలో ఆడితే చాలు. ఆ ఆటల్లో లెక్క ఉంది, వంతు ఉంది, తగాదా ఉంది, కాబట్టి మాట ఉంది. ఇక్కడ జాగ్రత్త ఒకటి. మన వైపు ఇళ్లలో ఆడవాళ్లు చాలామంది బీడీలు చుడతారు. ఒక గంట పోతే ఆ గంట కూలి పోతుంది. కార్ఖానాలో బీడీలు అప్పగించే రోజున పిలవకండి. చాట వెంట తెచ్చుకుని మూలన కూర్చుని చుట్టుకుంటూ పలకరించినా చాలు అని చెప్పాలనిపిస్తుంది, కానీ పొగాకును పిల్లల గదిలోకి రానివ్వకూడదు. అందుకే ఆమెకు వీలైన గంటే అడగండి. అదీ కుదరకపోతే మూడో తరగతి చదివే అక్కను బడి అయ్యాక అరగంట ఉండమనండి.

పండుగలు, తిండి

ఆటలో మతం, కులం, వంట వస్తాయి, రాకుండా ఆపలేరు. ఉత్తుత్తి వంట ఆటలో ఒక పిల్ల మా ఇంట్లో ఇది తింటాం అన్నప్పుడు మరో పిల్ల ఛీ అంటుంది. ఆ మాట ఇంటి నుంచి వచ్చింది కాబట్టి పిల్లను తిట్టి లాభం లేదు. వాళ్ల ఇంట్లో అది వండుతారు, మీ ఇంట్లో ఇది వండుతారు, ఇద్దరూ వండి పెట్టండి, నేను రెండూ తింటాను అని చెప్పి ఆట నడిపించండి. మీ మొహంలో ఛీ కనిపిస్తే ఆ పాఠమే నేర్చుకుంటారు.

బొడ్డెమ్మ, బతుకమ్మ రోజుల్లో గుండ్రంగా తిరుగుతూ చప్పట్లు కొట్టే ఆటలు అందరు పిల్లలకూ ఇష్టమే. కానీ పూజ కలిసిన భాగానికి ఏదైనా కుటుంబం అభ్యంతరం చెబితే వాదించకండి. చప్పట్ల వలయం ఉంచుకోండి, పూజ ఇంటికి వదలండి. రంజాన్ ముగిశాక కూడా అదే శ్రద్ధతో పిల్లలను పలకరించండి, ఇంట్లో ఏం చేశారో చెప్పించండి. ఒక పండుగ సందడిగా జరిపి మరో పండుగ ఊసెత్తకపోతే పిల్లలు ఎంత చిన్నవాళ్లయినా గమనిస్తారు, తల్లులు అంతకన్నా ముందే గమనిస్తారు.

ఇంగ్లిష్ ఎప్పుడు?

ఆర్మూర్‌లో ఈ ప్రశ్నను తప్పించుకోలేరు. తండ్రి దుబాయ్‌లో ఉంటాడు, వీడియో కాల్‌లో కొడుకును ఏబీసీడీ చెప్పమంటాడు. పక్క వీధి ప్రైవేట్ స్కూల్లో ఎల్‌కేజీ పిల్లలు పేజీలు నింపుతుంటారు. తల్లి వచ్చి, "గీ ఆటలేంది మేడం, చదువు ఎప్పుడు చెప్తరు?" అంటుంది. ఆమె ఆశ న్యాయమైనదే. దుబాయ్‌లో చెమటోడ్చి పంపే డబ్బు పిల్లవాడి చదువు కోసమే. మాతృభాష గొప్పదని ఆమెకు ఉపన్యాసం ఇవ్వకండి.

చూపించడానికి మీ దగ్గర రుజువు ఉండాలి. పిల్లకో పేజీ ఉన్న నోటుబుక్కు పెట్టుకోండి. వారానికి ఒక్క వాక్యం, తేదీతో: సంచిలో పన్నెండు కొమ్ములు లెక్కపెట్టాడు, ఎక్కువ తక్కువ చెప్పాడు, తనే మొదటిసారి బేరం ఆడాడు. అంతే. తల్లి వచ్చినప్పుడు ఆ పేజీ తెరిచి, "చూడక్కా, జూన్‌ల మాట్లాడకపోయేది, ఇప్పుడు మీ బాబు రెండు భాషల్ల లెక్క పెడుతుండు" అని చెప్పండి. నెలనెలా జరిగే ఈసీసీఈ డే నాడు తల్లులను కూర్చోబెట్టి ఉపన్యాసం ఇచ్చే బదులు మార్కెట్ ఆట వాళ్ల ముందే ఆడించండి. పిల్లలు లెక్కపెట్టడం కళ్లారా చూశాక సగం అనుమానాలు తీరుతాయి.

ఇంగ్లిష్‌నూ ఆటలోకే తీసుకురండి. గెంతు, ఆగు, తిరుగు, కూర్చో లాంటి పనుల మాటలు ఇంగ్లిష్‌లో చెప్పి చేయించే పది నిమిషాల ఆట రోజూ పెట్టండి. రంగులు, అంకెలు కూడా అలాగే. ఇందులో ముఖ్యమైన లాభం ఏమిటంటే, ఇంగ్లిష్ దగ్గర అందరు పిల్లలూ ఒకే గీత మీద ఉంటారు. తెలుగు రాని పిల్ల కూడా ఇక్కడ వెనకబడదు, కొన్నిసార్లు ముందుంటుంది. అయితే ఏడాదిలో ఇంగ్లిష్ మాట్లాడిస్తానని ఎవరికీ మాట ఇవ్వకండి. రోజుకు పది నిమిషాలతో అది జరగదు, మార్చిలో ఆ మాట మీ మెడకే చుట్టుకుంటుంది.

ప్రైవేట్ ప్లేస్కూల్లో పనిచేసే వాళ్ల ఇబ్బంది వేరు. మేనేజ్‌మెంట్‌కు నిండిన వర్క్‌షీట్లు కావాలి, మీరు కాదంటే మరొకరు సిద్ధంగా ఉంటారు. ముఖాముఖి పోరాటం వద్దు. రోజుకు ఇరవై నిమిషాలు అడగండి, ఒక నెల నడపండి, నోటుబుక్కు చూపించండి. అడ్మిషన్ల సీజన్‌లో తల్లిదండ్రులకు చూపించడానికి పిల్లలు నాలుగు భాషల్లో లెక్కపెట్టే ఆట కన్నా మంచిది ఏముంటుందని అడగండి. మేనేజ్‌మెంట్‌కు ఆ లెక్క అర్థమవుతుంది. వీడియోలు తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టే అలవాటు మాత్రం మానండి. తల్లిదండ్రులు ఒప్పుకుంటేనే తీయాలి, పిల్లల పేర్లు, ఇళ్ల వివరాలు బయటికి పోకూడదు.

సూపర్‌వైజర్ వచ్చినప్పుడు గది గోలగా ఉంటుంది. ఆ గోలకు వివరణ గోడ మీద ముందే ఉండాలి. ఈ రోజు ఆట పేరు, అందులో పిల్లలు వాడాల్సిన మాటలు, అంకెలు ఒక చార్టు మీద రాసి తగిలించండి. వారం ప్రణాళికలో మాటలు అనే గడి ఒకటి చేర్చుకోండి. ఆట మధ్యలో ఆపి పిల్లలను వరసగా కూర్చోబెట్టి పద్యం చెప్పించడం ఎంత సహజంగా అనిపించినా చేయకండి. అలా ఆపితే ఆట పని కాదని మీరే ఒప్పుకున్నట్టు అవుతుంది. సూపర్‌వైజర్‌ను టీ అమ్మే మనిషి దగ్గరికి పంపించి, ఉత్తుత్తి టీ కొనమనండి.

చివరగా వలస పిల్లల సంగతి. సీజన్ అయ్యాక వాళ్లు వెళ్లిపోతారు, పేరు రాసి ఏం లాభం అని కొందరు గుమ్మంలోంచే తిప్పి పంపుతారు. అలా చేయకండి. పోషణ్ ట్రాకర్‌లో వేరే చోటి నుంచి వచ్చిన లబ్ధిదారులను మార్చుకునే ఏర్పాటు ఉంది, ఎంట్రీ కుదరకపోతే సూపర్‌వైజర్‌తో మాట్లాడండి, ఆలోగా పిల్లను లోపల కూర్చోబెట్టండి. కుటుంబం వెళ్లే వారంలో ఒక కాగితం రాసి తల్లికి ఇవ్వండి: పిల్లకు ఇప్పుడు ఏ భాషలు అర్థమవుతాయి, ఏ ఆటలు ఆడుతుంది, ఎంతవరకు లెక్కపెడుతుంది. మరాఠీలో రాయగలిగిన వాళ్లు ఊళ్లో ఎవరో ఒకరు దొరుకుతారు, వాళ్లతో రాయించండి. జూన్‌లో ఒకటో తరగతికి వెళ్లే మన పిల్లల విషయంలోనూ అదే పని చేయండి. బడి టీచర్ చేతికి నోటుబుక్కులోని పేజీ జిరాక్స్ ఇచ్చి, ఈ పిల్ల మొదటి నెల మాట్లాడకపోవచ్చు, మాటలు వచ్చు అని నోటితో కూడా చెప్పండి.